ఒకే జన్యువు, రెండు జబ్బులు: బెల్లం మండీ గుమాస్తా ఇంటి కేసు

ఈ కేసు రాయడానికి ఇంటివాళ్లు సంతకం పెట్టి ఒప్పుకున్నారు. వాళ్లను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. జబ్బు నడిచిన తీరు, మెదడులో మేం చూసినవి మాత్రం మార్చలేదు. నేను తిరుపతిలో న్యూరాలజిస్టుని. ఈ ఇంటివాళ్లు చిత్తూరు పక్కవాళ్లు. మా జూనియర్లకు ఈ కథ నోటితో చాలాసార్లు చెప్పాను. రాసి పెడితే ఇంకో పదిమందికి పనికొస్తుందని ఇప్పుడు రాస్తున్నాను.

2018 ఆగస్టులో 58 ఏళ్ల మనిషిని ఆయన భార్య, తమ్ముడు ఓపీకి తీసుకొచ్చారు. బెల్లం మండీలో ముప్పై ఏళ్లు లెక్కలు రాసిన గుమాస్తా. కుర్చీలో కూర్చుంటూనే చొక్కా జేబులోంచి బెల్లం ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. పేరు అడిగితే చెప్పి, మళ్లీ జేబులో చెయ్యి పెట్టాడు.

‘‘మండీలో ఉన్నన్నాళ్లూ బెల్లం వాసనే గిట్టదనేవాడు సార్. ఇప్పుడు ఎక్కడ దాచినా ఎతుక్కోని, పగలగొట్టుకోని తింటా ఉండాడు’’ అంది భార్య.

చేతిలో ఉన్న పాత చీటీల్లో ‘మతిమరుపు’ అని రాసి ఉంది, అల్జీమర్స్‌కు ఇచ్చే డోనెపెజిల్ మాత్ర కూడా నడుస్తోంది. కానీ ఆయనకు మతిమరుపు లేదు. కిందటి వారం మండీలో బెల్లం ఎంత పలికిందో చెప్పాడు, తమ్ముడు అవునన్నాడు. వచ్చిన బస్సు ఎక్కడెక్కడ ఆగిందో వరసగా చెప్పాడు. పోయింది జ్ఞాపకం కాదు. మనిషి తీరు. ‘‘మా యమ్మ శవం ఇంట్లో ఉండంగానే, ఇడ్లీలు ఎప్పుడొస్తాయని అడిగినాడు సార్. ఒక్క కన్నీటి బొట్టు లేదు’’ అంది ఆవిడ. ఆ మాట చెప్పేటప్పుడు భర్త ఆమె పక్కనే ఉన్నాడు, తనకు సంబంధం లేని సంగతి విన్నట్టు విన్నాడు.

మూడేళ్ల ముందు మండీ గల్లాలో డబ్బు తగ్గింది. ఎవరికీ చెప్పకుండా అప్పులిచ్చాడు, అడిగినవాడికల్లా ఇచ్చాడు, లెక్కల్లో రాయలేదు. యజమాని నిలదీస్తే ‘నేను తీసుకోలా’ అన్నాడు. పెద్దమనుషులు కాణిపాకంలో ప్రమాణం చేయమన్నారు. వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేసినవాడిని స్వామి ఊరుకోడని మా వైపు గట్టి నమ్మకం. కోనేట్లో మునిగి తడిబట్టలతో నిలబెట్టారు. ప్రమాణం చేస్తూ మధ్యలో నవ్వాడట. ఆ నవ్వుకు తోడబుట్టినవాళ్లే భయపడ్డారు. తర్వాత ఒక్కొక్కటే మాట తగ్గడం, కుడిచెయ్యి పట్టు తప్పడం మొదలైతే, ఊరంతా ఒకటే తీర్పు చెప్పింది: తప్పుడు ప్రమాణం తగిలింది.

పరీక్షలో చూసినవి చెబుతాను. పిడికిలి, చేతి అంచు, అరచేయి ఈ వరసలో బల్ల మీద పెట్టమన్నాను. నేను మూడుసార్లు చేసి చూపించాను. ఆయన పిడికిలి పెట్టాడు, మళ్లీ పిడికిలి, మళ్లీ పిడికిలి. ‘చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటే ఏంది?’ అని అడిగితే ‘ఏమాకులు, అరటాకులా?’ అన్నాడు. జ్ఞాపకం, భాష, ఆలోచన కొలిచే, తెలుగులోకి మలచిన అడెన్‌బ్రూక్స్ పరీక్షలో 100కి 74 వచ్చాయి. పోయిన మార్కులన్నీ మాటల ధారాళంలో, భాషలో. కుడిచేత్తో దువ్వుకునే సైగ, తాళం తీసే సైగ చేయలేకపోయాడు, ఎడమచేత్తో చేశాడు. చెయ్యి బలం తగ్గలేదు, పని తెలియలేదు. అరచేతిని తాకితే నా వేళ్లు పట్టుకుని వదల్లేదు.

ఎమ్మారైలో ముందు భాగం, కణత భాగం, వాటి వెనకున్న పార్శ్వ భాగం కూడా కుంచించుకుపోయాయి. ఎడమవైపు ఎక్కువ, కుడివైపు తక్కువ. ఈ ఎడమ–కుడి తేడా నాకు ముఖ్యంగా తోచింది. అల్జీమర్స్ మామూలుగా రెండువైపులా దాదాపు సమంగా తింటుంది. ఇంత ఒంటివైపు కరుగుతూ, పార్శ్వ భాగాన్ని కూడా కలుపుకుపోయే ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా (మెదడు ముందు, కణత భాగాలు కరిగి మనిషి తీరు, మాట పోయే జబ్బు) అంటే నా బుర్రలో ముందు మెదిలే పేరు జీఆర్ఎన్, అంటే ప్రోగ్రాన్యులిన్ అనే ప్రోటీన్ తయారుచేసే జన్యువు. డోనెపెజిల్ ఆపాను. ఈ రకం జబ్బులో అది మేలు చేయదు, కొందరిలో చిరాకు పెంచుతుంది.

ఇక్కడే నా మొదటి పాఠం. ‘మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లాంటి జబ్బుందా?’ అని అడిగాను. ‘లేదు సార్’ అన్నారు ఇద్దరూ ఒకేసారి. అబద్ధం చెప్పలేదు. వాళ్ల దృష్టిలో నిజంగానే లేదు. ఆ ప్రశ్న అడగకూడదని అప్పటికే నాకు తెలిసి ఉండాల్సింది. రెండోసారి వచ్చినప్పుడు వేరేలా అడిగాను: ‘మీ నాయన ఎట్ల పోయినాడు? పోయే ముందు రెండు మూడేళ్లు ఎట్లుండేవాడు?’

తమ్ముడు నోరు విప్పాడు. నాయనకు అరవై దాటాక పిచ్చి పట్టింది, ఊళ్లో వాళ్ల ఇళ్లలోకి పోయి అన్నం కుండ మూత తీసేవాడు. అక్కకు ‘పక్షవాతం’ వచ్చి మాట పడిపోయింది. అయితే కాలూ చెయ్యీ పడిపోలేదు. రెండేళ్లలో మాట మెల్లమెల్లగా ఎండిపోయింది, ఆఖర్న సైగ కూడా పోయి 62 ఏళ్లకు కన్నుమూసింది. ఒకరికి పిచ్చి, ఒకరికి పక్షవాతం, ఒకరికి దేవుడి శిక్ష. మూడు పేర్లు పెట్టుకున్నారు, మూడూ ఒకటే జబ్బు. ప్రోగ్రాన్యులిన్ తక్కువైన ఇళ్లలో ఇలాగే ఉంటుంది: ఒకరిలో ప్రవర్తన మారుతుంది, ఒకరిలో మాట పోతుంది, ఇంకొకరిలో చెయ్యి పనులు మరిచిపోతుంది. మెదడులో మొదట ఏ మూల కరిగితే ఆ మూల పని ముందు పోతుంది.

కేస్ షీటు వెనకవైపు వంశవృక్షం గీస్తున్నాను. చదరం మగవాడికి, సున్నా ఆడమనిషికి, జబ్బుంటే నల్లగా దిద్దడం. అక్క గడి నల్లగా దిద్ది, ‘ఆమెకు పిల్లలెందరు?’ అన్నాను.

‘‘ఒక కూతురు సార్. నేనే చేసుకున్నా’’ అన్నాడు తమ్ముడు.

అక్కకూతుర్ని చేసుకోవడం మా చిత్తూరు వైపు వింత కాదు. వంశవృక్షంలో దానికి రెండు గీతలు గీస్తాం. గీశాను. ‘‘మీకు పిల్లలు?’’

‘‘ఇద్దరు సార్. పెద్దోడు బాగుండాడు. పాపకి ఫిట్సు, కండ్లు గూడా మసక. మీరే చూసినారు గదా సార్, పోయిన సంవత్సరం.’’

పాత ఫైలు తెప్పించాను. 19 ఏళ్ల అమ్మాయి, ఫిట్లు, నడకలో తూలు. నా చేతి రాత. ఫిట్లకు ఫెనిటోయిన్ వాడుతోంది. తూలు ఆ మందు వల్లేనని రాసి, డోసు తగ్గించి పంపాను. ఫెనిటోయిన్ ఎక్కువైతే తూలు రావడం నిజమే, అందుకే ఆ వివరణ నాకు సరిపోయింది. అదే ఫైల్లో కంటి డాక్టరు చీటీ ఉంది: రేచీకటి, రెటినైటిస్ పిగ్మెంటోజా (కంటి వెనక తెర మెల్లగా చెడే జబ్బు), మేనరికం. ఫిట్లు నా శాఖ, కళ్లు ఆయన శాఖ. మేనరికం అని కనబడగానే ఇద్దరం తృప్తిపడి ఆగిపోయాం. ఫైల్లో వంశవృక్షం కోసం వదిలిన చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీని నేనే వదిలాను. ఆ రోజు ఐదు నిమిషాలు కూర్చుని గీసి ఉంటే, పాపకు ఏడాది ముందే సరైన మందులు అందేవి.

ఇక జన్యువు సంగతి. మనిషిలో ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. జీఆర్ఎన్ 17వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఇది ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియాకు కారణమని 2006లో తేలింది. ఈ ఇంట్లో ఉన్న తప్పు ప్రోటీన్ వాక్యాన్ని మధ్యలోనే ఆపేసే రకం. అలా తెగిన సందేశాన్ని కణం గుర్తించి చెరిపేస్తుంది, కాబట్టి ఆ ప్రతి నుంచి ప్రోటీన్ ఏమీ రాదు. తమ్ముడికి నేను గానుగతో చెప్పాను. ఇంట్లో రెండు గానుగలున్నాయి, ఒకటి చెడింది. సగం రసంతో కొన్నాళ్లు గడుస్తుంది, ముసలితనం దగ్గరపడేటప్పటికి చాలదు. అదే మీ అన్న. రెండూ చెడితే? చిన్న వయసులోనే ఇల్లు ఎండిపోతుంది.

‘‘మా పాప రెండో రకమా సార్?’’ అని ఆయనే అడిగాడు. నేను చెప్పకముందే పట్టుకున్నాడు.

రక్తంలో ప్రోగ్రాన్యులిన్ కొలవడానికి శాంపిల్ బయటికి పంపాం. పెద్దాయనకు మామూలు మనిషిలో సగం కూడా లేదు. పాపకు దాదాపు సున్నా. జన్యు పరీక్షలో పాపకు రెండు ప్రతుల్లోనూ అదే తప్పు. ప్రోగ్రాన్యులిన్ పూర్తిగా లేని మనుషులకు వచ్చే జబ్బు డిమెన్షియా కాదు, న్యూరోనల్ సెరాయిడ్ లైపోఫస్సినోసిస్. కణంలోని చెత్తను కరిగించే లైసోజోమ్ పనిచేయక, పసుపు–గోధుమ రంగు కొవ్వు చెత్త పేరుకుపోయే జబ్బు. జీఆర్ఎన్ రెండు ప్రతులూ చెడ్డ తోబుట్టువుల్లో ఇది వస్తుందని 2012లో ఒక ఇటలీ కుటుంబం మీద వచ్చిన నివేదికతో తెలిసింది. ఇరవైల్లో చూపు పోవడం, ఫిట్లు, తూలు, చిన్నమెదడు కుంచించుకుపోవడం. మా పాప ఎమ్మారైలో చిన్నమెదడు అలాగే ఉంది. ఫెనిటోయిన్ పూర్తిగా ఆపి లెవెటిరాసెటమ్‌కు మార్చాం. ఫిట్లు తగ్గాయి. నడక కొంచెం నిలకడ పడింది కానీ బాగుపడలేదు. చిన్నమెదడు కరిగినందువల్ల వచ్చిన తూలు మందు మారిస్తే పోదు.

చంక దగ్గర చర్మం నుంచి చిన్న ముక్క తీశాం. చెమట గ్రంథులు అక్కడ ఎక్కువ, ఈ జబ్బులో చెత్త ఆ గ్రంథి కణాల్లోనూ కనబడుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటోలు వచ్చాక నేను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. కణం లోపల చిన్న చిన్న సంచులు, వాటిలో వంపులు తిరిగిన సన్నటి గీతలు, దగ్గరదగ్గరగా, జతలుజతలుగా. రిజిస్టర్లో వేసిన వేలిముద్ర ఎలా ఉంటుందో అలా. పుస్తకాల్లో దీన్ని వేలిముద్ర ఆకారం అనే అంటారు. బతికున్న మనిషి మెదడు ముక్క తీయకుండా మెదడు లోపల ఏం జరుగుతోందో చర్మం చెప్పగలిగే జబ్బులు కొన్నే ఉన్నాయి. ఇది ఒకటి. మెదడు సన్న రక్తనాళాల గోడలు చెడి స్ట్రోకులు, చిత్తవైకల్యం తెచ్చే వంశపారంపర్య జబ్బు కాడసిల్ ఇంకొకటి.

ఇప్పుడు కష్టమైన ముక్క. పాప రెండు ప్రతుల్లోనూ తప్పు ఉందంటే ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వచ్చింది. వాళ్లిద్దరూ పరీక్ష చేయించుకోలేదు. అడగలేదు కూడా. అయినా కూతురి రిపోర్టులోనే వాళ్ల జాతకం రాసి ఉంది. తండ్రికి అప్పుడు 51, తల్లికి 41. ఈ తప్పు మోసేవాళ్లలో 60 ఏళ్లు వచ్చేసరికి సుమారు సగం మందికి జబ్బు బయటపడుతుంది, 70 వచ్చేసరికి పదిమందిలో తొమ్మిదిమందికి. ‘తెలుసుకోవాలా వద్దా’ అని ముందు కౌన్సెలింగ్ చేసి, ఆలోచించుకునే వ్యవధి ఇచ్చి, అప్పుడు పరీక్ష చేయడం పద్ధతి. ఇక్కడ ఆ వ్యవధి లేకుండా పోయింది. పాప పరీక్షకు ముందే దీని గురించి తల్లిదండ్రులతో మాట్లాడాను. ‘పాపకు ఏముందో తెలిస్తే మీ గురించి కూడా తెలుస్తుంది, అది వద్దనుకుంటే చెప్పండి’ అన్నాను. తల్లి ‘పాపకి మందు దొరికేదుంటే చూడు సార్, మా సంగతి తర్వాత’ అంది. మందు లేదని అప్పటికే చెప్పి ఉన్నాను. అయినా ఆ మాటే అంది.

రిపోర్టు వచ్చిన రోజు తండ్రి ఒక్కడే లోపలికి వచ్చాడు. ‘‘అంటే సార్, మా అన్న మాదిరి నేను గూడా అయిపోతానా?’’ అన్నాడు. అయ్యే అవకాశం ఎక్కువేనని, ఏ వయసులో అన్నది ఎవరూ చెప్పలేరని, ఒకే ఇంట్లో ఒకే తప్పు ఉన్నవాళ్లలో కూడా ఇరవై, ముప్పై ఏళ్ల తేడా ఉండొచ్చని చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, ‘‘అన్నకి మూతి తుడిచేది, స్నానం చేపిచ్చేది నేనే సార్. అంతా చూస్తా ఉండా’’ అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు, నేనూ అనలేదు.

పెద్దాయన జబ్బు మామూలు దారిలోనే నడిచింది. 2019 చివరికి మాట పూర్తిగా ఆగింది. 2020 లాక్‌డౌన్‌లో ఫోన్లోనే చూశాను. కుడివైపు బిగుసుకుపోయి, మింగడం కష్టమైంది. 2022 ఫిబ్రవరిలో ఊపిరితిత్తుల్లోకి ముద్ద పోయి న్యుమోనియా వచ్చి 62 ఏళ్లకు పోయాడు.

మెదడు ఇవ్వమని నేను అడిగింది అంతకు ఏడాది ముందు, ఆయన బతికుండగానే. చావు ఇంట్లో అడగకూడదు, ఆ సమయంలో ఎవరూ నిర్ణయం తీసుకోలేరు. భార్య వెంటనే వద్దంది. తమ్ముడు రెండు వారాలు తీసుకున్నాడు. వాళ్ల ప్రశ్నలు మూడు: మొహం చెడుతుందా, చీకటి పడేలోపు శవం ఇంటికి చేరుతుందా, పైలోకంలో మెదడు లేకపోతే ఎట్లా. మొదటి రెండింటికి నేను జవాబు చెప్పాను. తల వెనకగా చెవి నుంచి చెవికి కోసి, మళ్లీ కుట్టేస్తారు, తువ్వాలు చుడితే కనబడదు, నాలుగైదు గంటల్లో పూర్తవుతుంది. మూడోదానికి వాళ్ల ఇంటి పురోహితుడే సర్దిచెప్పాడు: దహనం చేసే శరీరంలో ఏదీ మిగలదు గదా, ఇచ్చింది దానం కిందే లెక్క అని. నా మాటకంటే ఆ మాటే పనిచేసింది.

మన దగ్గర ఈ పని అరుదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో మెదడు కణజాల నిధి తొంభైల నుంచీ ఉంది. మన తెలుగు జిల్లాల నుంచి దాని వరకు వెళ్లే మెదళ్లు మాత్రం తక్కువ, ఎందుకంటే మా బోటివాళ్లం అడగం.

తీసిన మెదడు బరువు 1010 గ్రాములు. ఆ వయసు మగవాడికి 1300 పైన ఉండాలి. ఒక భాగం గడ్డకట్టించి భద్రపరచడానికి పోయింది. మిగిలింది ఫార్మలిన్‌లో వేశారు. ఎలా వేస్తారో చాలామంది డాక్టర్లు కూడా చూసి ఉండరు. మెదడును బకెట్ అడుగున పెడితే సొంత బరువుకే చపటగా అణిగిపోతుంది. అందుకే అడుగుభాగంలో నడిమధ్యనున్న బేసిలార్ రక్తనాళం కింది నుంచి దారం దూర్చి, తలకిందులుగా, బకెట్ అంచుకు కట్టి వేలాడదీస్తారు. మూడు వారాలు అలా వేలాడి గట్టిపడుతుంది. పాత జామకాయంత గట్టిగా అవుతుంది.

కోసేరోజు నేను వెళ్లాను. పెథాలజీ ప్రొఫెసరమ్మ పొడవాటి కత్తితో, ఒక్కొక్క సెంటీమీటరు మందంలో, ముందు నుంచి వెనక్కి పలకలు కోసి వరసగా పేర్చారు. ఎడమ ముందుభాగం మడతలు పదునెక్కి కత్తి అంచులా నిలబడి ఉన్నాయి. మడతల మధ్య చాళ్లు వేలు పట్టేంత వెడల్పు. లోపలి నీటి గదులు పెద్దవైపోయాయి. వాటి గోడలోకి ఉబ్బి ఉండాల్సిన కాడేట్ కణుపు చదునైపోయింది. నడిమెదడులో నల్లటి గీతలా ఉండాల్సిన చోటు పాలిపోయి ఉంది, కుడివైపు బిగుసుకుపోవడానికి అర్థం అది. తలకు వెనక, చూపుకు సంబంధించిన భాగం మాత్రం ఏమీ తెలియనట్టు నిండుగా, బాగా ఉంది. ఒకే మెదడులో ముందు కరువు, వెనక పంట.

మైక్రోస్కోప్ కింద, మామూలు రంగు వేసిన స్లైడులో, మెదడు పైపొరకు కొంచెం కిందనున్న రెండో వరస అంతా చిల్లులు. దోసె పెనం మీద వేసిన నిమిషానికి పైన లేచే కన్నాలు ఎలా ఉంటాయో అలా. ఆ కన్నాలున్న చోట నరకణాలు లేవు. వాటి చోట్లో నక్షత్రాకారపు సహాయ కణాలు పెరిగి మచ్చకట్టాయి. జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోకాంపస్‌లో కూడా కణాలు పోయాయి. అల్జీమర్స్‌లో ఉండే అమైలాయిడ్ మచ్చలు వెతికాం, వయసుకు తగ్గ నాలుగైదు తప్ప లేవు. అదే జబ్బులో కణాల్లో కట్టే టౌ అనే ప్రోటీన్ ముడులూ లేవు.

తర్వాత టీడీపీ-43 అనే ప్రోటీన్‌కు ప్రత్యేక రంగు వేసిన స్లైడు. ఆరోగ్యంగా ఉన్న కణంలో ఈ ప్రోటీన్ కేంద్రకంలో ఉంటుంది. ఇక్కడ అది కేంద్రకం ఖాళీ చేసి బయటికొచ్చి, కణంలో ముద్దకట్టుకుంది, బెల్లం పాకం రంగులో. పొట్టి పొట్టి దారాల్లా ఆ రెండో వరస నిండా చెదిరి ఉంది. ప్రొఫెసరమ్మ ఒక కణం దగ్గర ఆపి ‘చూడండి’ అన్నారు. కేంద్రకం లోపల నిలువుగా, రెండు కొసలూ సన్నగా, ఒక గోధుమరంగు కండె. పిల్లి కన్నులో నిలువు పాపలా. ఇది జీఆర్ఎన్ ఇళ్లలో తరచుగా కనబడే గుర్తు. ఈ మొత్తం తీరును టైప్-ఏ అంటారు. జన్యు రిపోర్టు లేకపోయినా ఆ ఒక్క స్లైడు చూసి ‘జీఆర్ఎన్ చూడండి’ అని చెప్పొచ్చు.

అల్జీమర్ తన పేషెంటు మెదడులో చూసినవాటిని 1906 నవంబరులో ట్యూబింగన్‌లో చదివి వినిపించాడు. ఆమె ఆసుపత్రికి వచ్చినప్పుడు వయసు 51, పోయినప్పుడు 55. సరిగ్గా నూరేళ్ల తర్వాత 2006లో టీడీపీ-43 ముద్దలు ఏమిటో తెలిశాయి. ఈ నూరేళ్లలో తెలుసుకున్నదంతా ఎవరో ఒక ఇంటివాళ్లు ఒప్పుకుని ఇచ్చిన మెదడు వల్లే. వంశపారంపర్య డిమెన్షియాల్లో ఒక్కో జన్యువుకు ఒక్కో చేతిరాత ఉంది. చిన్న వయసులో అల్జీమర్స్ తెచ్చే ప్రెసెనిలిన్-1 జన్యువు చెడిన ఇళ్లలో అమైలాయిడ్ మచ్చలు, టౌ ముడులు, అదీ ముప్పైల్లో, నలభైల్లోనే. టౌ జన్యువే చెడితే టౌ మాత్రమే. ఈ టౌ జన్యువు జీఆర్ఎన్‌కు పక్కనే, అదే 17వ క్రోమోజోమ్ మీద ఉండటం వల్ల శాస్త్రజ్ఞులు జీఆర్ఎన్ ఇళ్లలోనూ టౌ జన్యువులోనే తప్పు వెతుకుతూ ఏళ్ల తరబడి పొరబడ్డారు. ఒళ్లు అదుపు లేకుండా కదిలే జబ్బు హంటింగ్టన్‌లో ముందు పోయేది కాడేట్. ఓపీలో కూర్చుని చూస్తే వీటిలో చాలావాటికి ఒకటే మొహం, కణజాలం దగ్గర కానీ విడిపోవు.

నాకు ఈ కేసులో అన్నిటికంటే విలువైనది చివరి స్లైడు. రంగేమీ వేయకుండా, ప్రత్యేక కాంతిలో పెట్టి చూశాం. పెద్దాయన ముందుభాగం కణాల్లో పసుపుగా మెరిసే చెత్త, అదే లైపోఫస్సిన్, వయసుకు మించి పేరుకుని ఉంది. వయసు పైబడ్డ ఎవరికైనా ఇది కొంత ఉంటుంది, అందుకే పక్కన అదే వయసువాడి మెదడు స్లైడు పెట్టుకుని పోల్చాం. తేడా కంటికే తెలిసింది. జీఆర్ఎన్ ఒక ప్రతి మాత్రమే చెడ్డవాళ్లలోనూ ఇలా ఉంటుందని ముందే ప్రచురించి ఉన్నారు. నేను చదివాను కూడా. కానీ పాప చర్మంలో వేలిముద్రలు చూసిన కళ్లతో పెదనాన్న మెదడులో అదే చెత్తను చూసేవరకు నాకు లోపలికి ఎక్కలేదు. రెండు జబ్బులు కావు. ఒకటే లోటు. సగం లోటుకు అరవయ్యేళ్లు పట్టింది, పూర్తి లోటుకు ఇరవై. మనం ఒకదాన్ని డిమెన్షియా క్లినిక్‌కు, ఇంకోదాన్ని కంటి ఆసుపత్రికి పంపి, ఎప్పుడూ కలవకుండా చేస్తున్నాం.

మేనరికం గురించి స్పష్టంగా రాయాలి, ఎందుకంటే ఈ కథ విన్నవాళ్లు సగం విని పోతున్నారు. పెద్దాయన జబ్బుకు, వాళ్ల నాయన జబ్బుకు, అక్క జబ్బుకు మేనరికంతో సంబంధం లేదు. ఒక్క చెడ్డ ప్రతి చాలు. పరాయి సంబంధం చేసుకున్నా ప్రతి బిడ్డకూ సగం అవకాశం ఉంటుంది. పాప జబ్బుకు మాత్రం మేనరికమే దారి ఇచ్చింది, అక్కలోనూ తమ్ముడిలోనూ ఉన్న ఒకే తప్పు మళ్లీ ఒక ఇంట కలిసింది. పాప అన్నకు ఇప్పుడు ముప్పై దగ్గర పడుతోంది, కళ్లు బాగున్నాయి. రెండు ప్రతులూ చెడిన రకం కాదని దాదాపు చెప్పొచ్చు. ఒక ప్రతి మోసే అవకాశం మూడింట రెండు వంతులు. అత్త కూతురితో మాట అనుకుని ఉంది. అతనికి ఉన్నదున్నట్టు చెప్పాను. పరీక్ష వద్దన్నాడు, పెళ్లి మాత్రం ఆపుకున్నాడు. నేను బలవంతం చేయలేదు. వద్దనుకునే హక్కు కూడా వైద్యంలో భాగమేనని నా నమ్మకం.

ప్రోగ్రాన్యులిన్ పెంచే మందుల మీద పరిశోధనలు సాగుతున్నాయి. ఈ ఇంటికి నేను రాసి ఇవ్వగలిగిన మందు ఇవాళ్టికి లేదు. పాపకు వెలుతురు, చీకటి తెలుస్తాయి. ఫోన్ చదివి వినిపించేలా పెట్టించాం. ఫిట్లు నెలకు ఒకటి, కొన్ని నెలలు అదీ లేదు.

మెదడు రిపోర్టు వచ్చాక తమ్ముణ్ని, వదినను పిలిపించి స్లైడు ఫొటోలు చూపించాను. అర్థం కాకపోయినా చూపించాలి, ఇచ్చింది వాళ్లు. ఆవిడ ఫొటోను చాలాసేపు పట్టుకుని, ‘‘ఇది ఎప్పటి నుంచి ఉంటుంది సార్?’’ అంది. ఇంత కరగాలంటే చాలా ఏళ్లు పట్టి ఉంటుందన్నాను. ‘‘ప్రమాణం చేసినప్పుడు ఉండిందా?’’ ఉండిందన్నాను. నవ్వు ఆపుకోలేని జబ్బు అప్పటికే ఆయన మెదడులో ఉందని, డబ్బు ఎవరికిచ్చాడో ఆయనకే తెలియదని, తీసుకోలేదన్న మాట ఆయన మటుకు నిజమేనని చెప్పాను. ఆవిడ రిపోర్టు కాపీ అడిగింది. మండీ యజమానికి చూపించాలట. తెలుగులో అర పేజీ రాసి, సంతకం, స్టాంపు వేసి ఇచ్చాను.

తమ్ముడు మూడు నెలలకోసారి పాపను తీసుకుని వస్తాడు. పాప చీటీ రాయడం అయ్యాక తనే బల్ల మీదికి చెయ్యి చాపుతాడు. పిడికిలి, అంచు, అరచేయి. పిడికిలి, అంచు, అరచేయి. కిందటిసారి కూడా తప్పు పోలేదు. తారీఖు వేసి ఆయన ఫైల్లో రాసుకున్నాను.